ఖాళీ ఉన్నా చోటు చాలదన్న ఆట: 1998 నాటి సీడీని విండోస్ 11 మీద నడిపించిన కేస్ స్టడీ

పాత ఆట కొత్త విండోస్‌లో నడవకపోతే చాలామంది మొదట చేసే పని ఒకటే. ఈఎక్స్‌ఈ (ఆటను నడిపే ప్రోగ్రామ్ ఫైల్) మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరిచి, కనిపించిన టిక్కులన్నీ పెట్టేస్తారు. ఒక్కోసారి అదృష్టం బాగుండి ఆట నడుస్తుంది. నడవకపోతే ఇక దీని కాలం చెల్లింది అనుకుని వదిలేస్తారు. అలా వదిలేసిన ఆటల్లో నిజంగా పాడైపోయినవి చాలా తక్కువ. ఆట రాసినవాళ్లు అప్పట్లో కొన్నిటిని నమ్ముకుని రాశారు: స్క్రీన్ ఇలా ఉంటుంది, డిస్క్ ఇంతే ఉంటుంది, సీడీ డ్రైవ్ ఎప్పుడూ ఉంటుంది అని. వాటిలో ఏది పోయిందో కనిపెడితే, ఆట ఫైళ్ల జోలికి పోకుండా ఆ ఒక్కదాన్నే బయటినుంచి సమకూర్చవచ్చు. కనిపెట్టడమే అసలు పని, మిగతాది సర్దుబాటు. ఆ కనిపెట్టడం ఎలా సాగుతుందో ఒక కేసులో మొదటినుంచీ చూపిద్దామని ఇది రాస్తున్నాను.

వచ్చిన కేసు

1998లో విడుదలైన ఒక స్ట్రాటజీ ఆట. ఒకే సీడీ. విండోస్ 95, 98 కోసం రాసింది. ఆటల బొమ్మ, శబ్దం చూసుకునే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ డైరెక్ట్‌ఎక్స్, దాని 5వ వెర్షన్ కావాలని కవర్ మీదే ఉంది. స్క్రీన్ 640×480, రంగులు 256. ఇప్పుడు నడవాల్సింది 64 బిట్ విండోస్ 11 లాప్‌టాప్‌లో, అందులో సీడీ డ్రైవ్ లేనే లేదు.

తెచ్చినావిడ దగ్గర సీడీతో పాటు, పాత హార్డ్‌డిస్క్ నుంచి కాపీ చేసి జాగ్రత్తగా దాచుకున్న సేవ్ ఫైళ్లు కూడా ఉన్నాయి. తమ్ముడూ తనూ వంతులేసుకుని ఆడిన క్యాంపెయిన్ సగంలో ఆగిపోయిందట. "కొత్తగా మొదలుపెట్టాలని కాదండీ, ఆ సేవ్ తెరుచుకోవాలి, అంతే" అన్నారు. ఆ ఒక్కమాటతో పని హద్దులు తేలిపోయాయి. రీమాస్టర్ ఏదైనా ఉందా, ఇంకో ఎడిషన్ దొరుకుతుందా అని వెతకడం అనవసరం. అదే ఎడిషన్, అదే ప్యాచ్ (విడుదల తర్వాత వచ్చిన సవరణ) స్థాయిలో నడవాలి, పాత సేవ్‌ను చదవాలి.

దారి ఎంచుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇదే డాస్ ఆట అయితే నేరుగా డాస్‌బాక్స్‌కి వెళ్లేవాణ్ణి. 2002 నుంచి ఉన్న ప్రోగ్రామ్ అది, డాస్ ఆటల విషయంలో దానికి తిరుగులేదు. పాత పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ అయితే, అలాంటివాటిని నడిపే స్కమ్‌వీఎం ఉంది. డూమ్ లాంటిదైతే ఇంకా తేలిక, దాని సోర్స్ కోడ్ 1997 చివర్లోనే బయటపెట్టారు కాబట్టి ఈనాటి సిస్టమ్‌కి తగ్గట్టు మళ్లీ కట్టిన పోర్ట్‌లు ఎన్నో ఉన్నాయి. 1995 నుంచి 2000 దాకా వచ్చిన విండోస్ ఆటలదే చిక్కు. వాటికి సొంత ఎమ్యులేటర్ (పాత మెషీన్‌ను అనుకరించే ప్రోగ్రామ్) అంటూ ఉండదు. 86బాక్స్‌లో పాత కంప్యూటర్ మొత్తాన్ని, ప్రాసెసర్‌తో సహా, పునఃసృష్టించి లోపల విండోస్ 98 ఎక్కించవచ్చు. మంచి పద్ధతే, కొన్ని ఆటలకి అదొక్కటే దారి కూడా. కానీ ఆట ఆడాలనుకున్న మనిషి ప్రతిసారీ లోపల ఇంకో కంప్యూటర్ బూట్ చేసుకోవాలి, సేవ్ ఫైళ్లను లోపలికీ బయటికీ మోసుకోవాలి. ఈ ఆట 32 బిట్‌ది. 32 బిట్ ప్రోగ్రామ్‌లను 64 బిట్ విండోస్ ఇప్పటికీ నడుపుతుంది. కాబట్టి మొదట నేరుగా ప్రయత్నించాలి, కుదరకపోతేనే 86బాక్స్.

సీడీ, సెటప్

ముందు సీడీని ఇమేజ్ తీశాను. ఇక్కడొక సంగతి గమనించాలి. ఐఎస్ఓ ఫైల్‌లో డేటా ట్రాక్ మాత్రమే వస్తుంది. ఆ రోజుల్లో చాలా ఆటలు సంగీతాన్ని మామూలు ఆడియో సీడీలాగే, డేటా తర్వాతి ట్రాకుల్లో పెట్టేవి. ఐఎస్ఓ తీసి సీడీ పక్కన పడేస్తే ఆ సంగీతం పోయినట్టే. అందుకే బిన్, క్యూ జోడీగా తీయాలి. అందులో ప్రతి సెక్టారూ 2352 బైట్లతో పూర్తిగా వస్తుంది, ఆడియో ట్రాకులూ వస్తాయి. ఈ సీడీలో మొదటిది డేటా ట్రాక్, రెండో ట్రాక్ నుంచి సంగీతం.

సెటప్ నొక్కగానే ఈ యాప్ మీ పీసీలో నడవదని విండోస్ చెప్పేసింది. ఆవిడ ఇంతవరకే వచ్చి ఆగిపోయారు. ఆటే నడవదని ఆ మెసేజ్ అర్థం అనుకున్నారు. నిజానికి అది చెప్పేది సెటప్ గురించి మాత్రమే. తేడా తెలియాలంటే ఫైల్‌ను హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూస్తే చాలు. విండోస్ ఈఎక్స్‌ఈ ఏదైనా ఎం, జెడ్ అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. హెక్స్‌లో 3సి స్థానం దగ్గర ఒక సంఖ్య ఉంటుంది, అసలు హెడర్ ఎక్కడుందో అది చెబుతుంది. అక్కడికెళ్తే పి, ఈ అని ఉంటే 32 లేదా 64 బిట్ ప్రోగ్రామ్, ఎన్, ఈ అని ఉంటే 16 బిట్ ప్రోగ్రామ్. సెటప్‌లో ఎన్, ఈ ఉంది. ఆట ఈఎక్స్‌ఈలో పి, ఈ ఉంది. ఆట 32 బిట్‌దైనా, సెటప్ మాత్రం 16 బిట్‌ది. విండోస్ 3.1 వాళ్లకి కూడా సెటప్ తెరుచుకుని మర్యాదగా మెసేజ్ చూపించాలని అప్పట్లో అలా చేసేవారు.

64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రామ్‌లను ఎందుకు నడపదంటే, మైక్రోసాఫ్ట్ చెప్పే ముఖ్య కారణం హ్యాండిళ్లు. విండో, ఫైల్ లాంటి ప్రతిదానికీ సిస్టమ్ ఇచ్చే గుర్తు అది. 64 బిట్ విండోస్‌లో దానికి 32 బిట్లు కావాలి. 16 బిట్ ప్రోగ్రామ్‌కి ఇవ్వాలంటే సగం కోసేయాలి, కోస్తే ఆ గుర్తు దేన్నీ చూపించదు. కొన్ని పాత సెటప్‌లను మాత్రం విండోస్ గుర్తుపట్టి, వాటి స్థానంలో తన దగ్గరున్న 32 బిట్ వెర్షన్‌ను నడుపుతుంది. సెటప్‌లు తయారుచేసే ఇన్‌స్టాల్‌షీల్డ్ అనే పనిముట్టు 5వ వెర్షన్ ఆ జాబితాలో ఉంది. ఈ సీడీలో ఉన్నది ఇన్‌స్టాల్‌షీల్డ్ 3, అది జాబితాలో లేదు.

విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే వైన్ కోడ్ ఆధారంగా కట్టిన ఓటీవీడీఎం అనే ఉచిత ప్రోగ్రామ్ 16 బిట్ విండోస్ ప్రోగ్రామ్‌లను 64 బిట్ విండోస్‌లో నడుపుతుంది. దానితో సెటప్ ఎప్పటిలాగే సాగిపోయింది. ఫైళ్లను ఆర్కైవ్ నుంచి చేత్తో విప్పుకునే మార్గం కూడా ఉంది కానీ, సెటప్ నడిస్తే రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే చోటు) రాయాల్సినవన్నీ అదే రాస్తుంది. చేత్తో రాసేవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. 32 బిట్ ఆట వెతికేది సాఫ్ట్‌వేర్ కీ కింద ఉండే వావ్6432నోడ్ అనే విడి శాఖలో. పాత రీడ్‌మీ చూసి నేరుగా సాఫ్ట్‌వేర్ కీలో రాస్తే, రాసింది అక్కడే ఉంటుంది, ఆటకి మాత్రం కనిపించదు.

ఇన్‌స్టాల్ చేసింది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సీ డ్రైవ్‌లో విడిగా పెట్టిన గేమ్స్ ఫోల్డర్‌లో. ఎందుకో సేవ్‌ల దగ్గర చెప్తాను. ఆ తర్వాత చివరి ప్యాచ్ వేశాను.

సీడీ లోపల ఉందా అని ఆట చూసుకుంటుంది. ఇక్కడ ఆ తనిఖీ మామూలుదే: సీడీ డ్రైవ్ అనిపించుకునే డ్రైవ్ ఉండాలి, అందులోని డిస్క్ లేబుల్ సరిపోవాలి. అందుకే డేటా ట్రాక్‌ను ఐఎస్ఓగా కూడా తీసి పెట్టుకున్నాను. విండోస్ తనంతట తానే ఐఎస్ఓను మౌంట్ చేస్తుంది, అంటే ఒక డ్రైవ్‌లా తెరుస్తుంది, ఆ డ్రైవ్‌ను ఆట సీడీ డ్రైవ్‌గానే చూస్తుంది. సీడీలో సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉండి ఉంటే ఈ కేసు ఇంకోలా నడిచేది. దానికి సెక్‌డ్రవ్ అనే కెర్నెల్ డ్రైవర్ (విండోస్ అంతర్భాగంలో నడిచేది) కావాలి. భద్రతా లోపాల వల్ల విండోస్ 10 దాన్ని 2015లో మొదటినుంచే పక్కన పెట్టింది. అదే ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్‌తో విస్టా, 7, 8ల్లో కూడా ఆపేశారు. ఆ డ్రైవర్‌ను ఎక్కడినుంచో తెచ్చి మళ్లీ ఎక్కించుకోమని చెప్పేవాళ్లున్నారు. నేను ఎవరికీ చెప్పను. ఒక ఆట కోసం కెర్నెల్‌లో తెలిసిన కన్నాన్ని మళ్లీ తెరవడం అది. సీడీ తనిఖీ తీసేసి పబ్లిషరే ఇచ్చిన ప్యాచ్ ఉందేమో చూడాలి, లేకపోతే ఆ ఆటను డిజిటల్‌గా మళ్లీ అమ్ముతున్నారేమో చూడాలి.

ఒకసారి నడిచి, ఒకసారి నడవని ఆట

మొదటిసారి తెరిస్తే డైరెక్ట్‌ప్లే (నెట్‌వర్క్‌లో కలిసి ఆడటానికి వాడే పాత భాగం) కావాలని విండోస్ అడిగింది. ఒంటరిగా ఆడేవాళ్లకి దానితో పనిలేకపోయినా, ఆట మొదలవగానే దాని డీఎల్‌ఎల్‌ను (ప్రోగ్రామ్‌లు అవసరమైనప్పుడు పిలుచుకునే కోడ్ ఫైల్) లోడ్ చేసుకుంటుంది. విండోస్ ఫీచర్స్‌లో లెగసీ కాంపొనెంట్స్ కింద ఆన్ చేస్తే సరిపోతుంది. పరిచయ వీడియో కూడా బాగానే ఆడింది. వీడియోలు స్మాకర్ ఫార్మాట్‌లో ఉన్నాయి, వాటిని ఆడించే డీఎల్‌ఎల్ ఆటతోపాటే వస్తుంది. తనకి కావాల్సింది తనతో తెచ్చుకున్న భాగం ఎన్నేళ్లయినా నడుస్తుంది. విండోస్‌లో ఉంటుందిలే అని వదిలేసిన భాగమే దెబ్బతింటుంది.

మెనూ వచ్చింది. మూసేసి వేరే పని చూసుకుని, మళ్లీ తెరిస్తే డిస్క్‌లో చోటు చాలదు, కనీసం 60 ఎంబీ ఖాళీ కావాలి అంటూ ఆట ఆగిపోయింది. డ్రైవ్‌లో 270 జీబీకి పైగా ఖాళీ ఉంది. సెట్టింగ్ ఏదీ మారలేదు. మధ్యలో జరిగిందల్లా, వెనకాల విండోస్ అప్‌డేట్ డౌన్‌లోడ్ కావడం. అప్‌డేటే ఆటను చెడగొట్టిందని తేల్చేయడానికి అన్నీ అమరిన సందర్భం ఇది. నిజానికి అప్‌డేట్ చేసింది ఖాళీని కొంచెం తగ్గించడమే.

సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ప్రాసెస్ మానిటర్ తెరిచి, ఆట ఈఎక్స్‌ఈ పేరుకి ఫిల్టర్ పెట్టి, మళ్లీ నడిపాను. ఒక ప్రోగ్రామ్ ఏ ఫైల్ అడిగింది, ఏ రిజిస్ట్రీ కీ వెతికింది, ఏం దొరకలేదు అన్నది వరుసగా చూపించే పరికరం అది. పాత ఆటల పని చేసేవాళ్లు ఒక్కటే నేర్చుకోవాలంటే దీన్నే నేర్చుకోమంటాను. ఆట ఆగిపోయే ముందు చివర్లో కనిపించింది క్వెరీ సైజ్ ఇన్ఫర్మేషన్ వాల్యూమ్ అనే ఆపరేషన్. అంటే డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందని అడగడం. జవాబు కూడా అదే వరుసలో ఉంది: ఖాళీ క్లస్టర్లు (డిస్క్‌లో చోటు కేటాయించే ముక్కలు) ఇన్ని, క్లస్టర్‌కి సెక్టార్లు 8, సెక్టార్‌కి బైట్లు 512. జవాబులో తప్పేమీ లేదు. ఆ జవాబుతో ఆట వేసుకున్న లెక్కలో ఉంది తప్పు.

ఆ మూడు సంఖ్యల్నీ గుణిస్తే బైట్లలో ఖాళీ వస్తుంది. 1998లో ఇంట్లో వాడే హార్డ్‌డిస్క్ కొన్ని జీబీలు. గుణించిన ఫలితం 32 బిట్ సంఖ్యలో పడుతుందని రాసినవాళ్లు ధైర్యంగా అనుకున్నారు. 32 బిట్లలో పట్టేది 4 జీబీ దాకానే. అది దాటితే పైభాగం రాలిపోయి, 4 జీబీతో భాగిస్తే వచ్చే శేషం మాత్రమే మిగులుతుంది. గుండ్రంగా 273 జీబీ ఖాళీ అనుకుందాం. శేషం 1 జీబీ. ఆటకి 1 జీబీ ఖాళీ కనిపిస్తుంది, సంతోషంగా మొదలవుతుంది. అప్‌డేట్ 2 జీబీ తినేశాక 271. శేషం 3 జీబీ. చోటు ఇంకా ఎక్కువుందని అనుకోవాలి కదా అంటే, ఆట ఆ సంఖ్యను సైన్డ్ సంఖ్యగా, అంటే రుణమూ కాగల సంఖ్యగా, చదువుతోంది. సైన్డ్‌గా చదివితే 2 జీబీ దాటినదంతా రుణసంఖ్య అవుతుంది. 3 జీబీ కాస్తా మైనస్ 1 జీబీ అయింది. మైనస్ 1 జీబీ 60 ఎంబీ కన్నా తక్కువే, కాబట్టి చోటు చాలదు. శేషం 2 జీబీ లోపు పడితే ఆట నడుస్తుంది, పైన పడితే నడవదు. ఇంచుమించు సగం రోజులు నడిచి సగం రోజులు మొరాయించే ఆట ఇలా పుడుతుంది. ఇంకో 2 జీబీ ఫైల్ డ్రైవ్‌లో పడేస్తే మళ్లీ నడుస్తుంది. కారణం తెలియనివాళ్లకి ఇది మాయలా ఉంటుంది. నేను కూడా రుజువు కోసం అదే చేశాను: ఒక పెద్ద డమ్మీ ఫైల్ పెట్టాను, ఆట తెరుచుకుంది. తీసేశాను, ఆగిపోయింది.

డమ్మీ ఫైల్‌ను మందుగా ఇచ్చి పంపలేం. ఖాళీ రోజూ మారుతుంది. విండోస్‌లోనే దీనికి సరిగ్గా సరిపోయే షిమ్ (ప్రోగ్రామ్‌కీ విండోస్‌కీ మధ్య నిలబడి జవాబులు సర్దే చిన్న ఏర్పాటు) ఒకటుంది, పేరు ఎమ్యులేట్ గెట్ డిస్క్ ఫ్రీ స్పేస్. ఖాళీ 2 జీబీ దాటితే ఈ ప్రోగ్రామ్‌కి మాత్రం 2 జీబీ అని చెబుతుంది, తక్కువైతే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. షిమ్‌లు తగిలించే మైక్రోసాఫ్ట్ పనిముట్టు కంపాటిబిలిటీ అడ్మినిస్ట్రేటర్ 32 బిట్ వెర్షన్‌లో ఈ ఆట ఈఎక్స్‌ఈకి ఆ ఒక్క షిమ్‌ను తగిలించి, డేటాబేస్‌గా సేవ్ చేసి ఇన్‌స్టాల్ చేశాను. ఆ తర్వాత ఖాళీని ఎటు మార్చి చూసినా ఆట తెరుచుకుంది.

కంపాటిబిలిటీ ట్యాబ్‌లో విండోస్ 95 అని పెడితే పని జరిగిపోయేది కదా అని అడగవచ్చు. జరిగి ఉండవచ్చు. ఆ మోడ్ ఇలాంటి షిమ్‌లు చాలా కలిపి కట్టిన మూట. పనిచేస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఇంకోచోట కొత్త చిక్కు వస్తే ఏది తెచ్చిందో తెలియదు. సిస్టమే వంగి ఆటను నడిపించడం విండోస్‌లో పాత సంప్రదాయం. విండోస్ 95 తయారవుతున్నప్పుడు సిమ్‌సిటీ క్రాష్ అయ్యేది. తను వదిలేసిన మెమరీనే ఆ ఆట మళ్లీ చదివేది, పాత విండోస్‌లో అది బయటపడలేదు. సిమ్‌సిటీ నడుస్తున్నప్పుడు మెమరీని వెంటనే వెనక్కి తీసుకోకుండా విండోస్ బృందమే ప్రత్యేకంగా ఏర్పాటు చేసింది. అలాంటి ఏర్పాట్లే ఈ షిమ్‌లు. ఒక్కొక్కటిగా వాడుకుంటే ఇంత మంచి పనిముట్టు లేదు.

రంగులు, నీళ్లు, వేగం

ఆట మొదలైంది, రంగులు కూడా సరిగానే ఉన్నాయి. విస్టా, విండోస్ 7 రోజుల్లో ఇలాంటి ఆటల్లో గడ్డి గులాబీ రంగులో, మనుషులు పచ్చగా కనిపించేవారు. 256 రంగుల ప్యాలెట్‌లో ఎక్స్‌ప్లోరర్ తన రంగులు దూర్చేది, దాన్ని మూసేసి ఆడుకునేవాళ్లం. విండోస్ 8 నుంచి డెస్క్‌టాప్ 32 బిట్ రంగుల్లోనే ఉంటుంది, 256 రంగుల మోడ్‌ను విండోస్ అనుకరించి చూపిస్తుంది. రంగులు నిలిచాయి కానీ స్క్రోల్ చేస్తే స్క్రీన్ కుదుపులు, ఆల్ట్ ట్యాబ్ నొక్కి తిరిగొస్తే నల్ల తెర.

దీనికి రాపర్ కావాలి. తెర మీద బొమ్మ గీయడానికి ఆట పిలిచే డైరెక్ట్‌డ్రా డీఎల్‌ఎల్ పేరుతోనే ఇంకో డీఎల్‌ఎల్‌ను ఆట ఫోల్డర్‌లో పెడతాం. విండోస్ డీఎల్‌ఎల్ కోసం వెతికేటప్పుడు ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్‌నే ముందు చూస్తుంది కాబట్టి మనం పెట్టింది లోడ్ అవుతుంది. అది ఆట గీసే పాత బొమ్మను తీసుకుని, ఈనాటి గ్రాఫిక్స్ కార్డుకి తెలిసిన పద్ధతిలో చూపిస్తుంది. త్రీడీ వాడే ఆటలకి, ముఖ్యంగా గ్లైడ్, పాత డైరెక్ట్‌3డీ అనే త్రీడీ పద్ధతులతో రాసినవాటికి నేను డీజీవూడూ2 వాడతాను. ఇది పూర్తిగా టూడీ. కమాండ్ అండ్ కాంకర్ ఆటల కోసం మొదలై, ఇప్పుడు ఇలాంటి ఎన్నో ఆటలకి పనికొస్తున్న సీఎన్‌సీ-డీడ్రా ఇక్కడ సరిగ్గా అతికింది. 4:3 నిష్పత్తి చెడకుండా పెద్దది చేయడం, మౌస్ వేగాన్ని అందుకు తగ్గట్టు సర్దడం, ఒకే కోర్ మీద నడపడం అన్నీ దాని ఐఎన్‌ఐ ఫైల్‌లోనే ఉన్నాయి.

రాపర్ సరిగా పనిచేస్తోందా అని చూడటానికి నేను మొదట చూసేది నీళ్లు. 256 రంగుల ఆటల్లో ప్రతి పిక్సెల్‌లో ఉండేది రంగు కాదు, ప్యాలెట్‌లో ఎన్నో గడి అన్న సంఖ్య. ఆ ప్యాలెట్ గడుల్లో రంగులు మారిస్తే బొమ్మ తిరిగి గీయకుండానే స్క్రీన్ మారుతుంది. అప్పటి కళాకారులు దీన్ని అద్భుతంగా వాడుకున్నారు. నదికి కొన్ని నీలి గడులు కేటాయించి, వాటిలోని రంగులను గుండ్రంగా తిప్పుతూ ఉంటే నీరు పారుతున్నట్టు ఉంటుంది. ఒక్క పిక్సెల్ కూడా మళ్లీ గీయరు. రాపర్ బొమ్మ మారినప్పుడు మాత్రమే తెరను తాజా చేసేలా ఉండి, ప్యాలెట్ మారినప్పుడు ఊరుకుంటే, మిగతా ఆటంతా బాగానే నడుస్తున్నా నది గడ్డకట్టినట్టు నిలిచిపోతుంది. మౌస్ కదిపినప్పుడు మాత్రం ఒక్క గంతు వేస్తుంది. మౌస్ ముట్టుకోకుండా కాసేపు నదిని చూస్తూ కూర్చోవాలి. ఇక్కడ నీళ్లు ఆగకుండా పారాయి. నిప్పు, జెండాలు కూడా.

వేగం దగ్గర ఒక చిక్కు తేలింది. సైనికులు మామూలు వేగంతోనే నడుస్తున్నారు, మ్యాప్ మాత్రం మౌస్‌ను అంచుకి తీసుకెళ్లగానే చివరికంటా దూసుకుపోతోంది. సైనికుల నడక టైమర్ మీద ఆధారపడింది, స్క్రోల్ ఫ్రేమ్‌ల మీద. ఒక ఫ్రేమ్‌కి ఇన్ని పిక్సెళ్లు జరుపు అని రాశారు. బొమ్మ మార్చే ప్రతిసారీ మానిటర్ రిఫ్రెష్ అయ్యేదాకా ఆట ఆగేది, ఆ ఆగడమే స్క్రోల్‌కి బ్రేక్. ఈ లాప్‌టాప్ తెర 144 హెర్ట్జ్. 60 హెర్ట్జ్ మానిటర్ మీద పడిన వేగానికి ఇది 2.4 రెట్లు. రాపర్‌లో మ్యాక్స్‌గేమ్‌టిక్స్ విలువ 60 పెట్టగానే చేతికి లొంగింది. తెర రిఫ్రెష్ రేటునే తగ్గించేయమని సలహాలు వినిపిస్తుంటాయి. ఒక ఆట కోసం డెస్క్‌టాప్ మొత్తాన్ని మార్చనక్కర్లేదు.

సంగీతం

మౌంట్ చేసిన ఐఎస్ఓలో ఆడియో ట్రాకులు లేవు, కాబట్టి ఆట నిశ్శబ్దం. బిన్ ఫైల్ నుంచి ట్రాకులు విడదీసి ఓజీజీగా మార్చి, సీడీ ఆడియో ఆదేశాలను పట్టుకుని వాటి బదులు ఆ ఫైళ్లను ఆడించే విన్‌ఎంఎం (విండోస్ శబ్దాల డీఎల్‌ఎల్) రాపర్‌ను ఆట ఫోల్డర్‌లో పెట్టాను. ఇక్కడ పేర్ల నంబర్లే ముఖ్యం. డేటా ట్రాక్ ఒకటి కాబట్టి మొదటి పాట ఫైల్ నంబర్ రెండు. ఒకటితో మొదలుపెడితే ప్రతి సన్నివేశంలోనూ పక్క పాట వస్తుంది. మెనూలో యుద్ధ సంగీతం మోగితే అదే కారణం.

సేవ్ ఫైళ్లు

ప్రోగ్రామ్ ఫైల్స్ ఎందుకు వద్దన్నానో ఇక్కడ తెలుస్తుంది. అప్పటి ఆటలు సేవ్‌లను తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడానికి మామూలు ప్రోగ్రామ్‌కి అనుమతి లేదు. ఇలాంటి పాత 32 బిట్ ప్రోగ్రామ్ రాయబోతే విండోస్ కాదనకుండా, ఆ ఫైల్‌ను యూజర్ ఫోల్డర్‌లోని వర్చువల్‌స్టోర్‌లోకి మళ్లిస్తుంది. ఆట చదివేటప్పుడు కూడా అక్కడున్న కాపీకే మొగ్గు. అంటే ఒకే పేరుతో రెండు సేవ్‌లు రెండు చోట్ల ఉంటాయి. పాత సేవ్‌ను అసలు ఫోల్డర్‌లో పెట్టినా, ఆట తెరిచేది వర్చువల్‌స్టోర్‌లోని కొత్తదాన్ని. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే మళ్లీ ఇంకో కథ, అప్పుడు మళ్లింపు ఉండదు, నిన్నటి సేవ్‌లు మాయమైనట్టు కనిపిస్తాయి. సేవ్‌లు పోయాయని నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఈ ఫోల్డర్‌లోనే దొరుకుతుంది.

ఆవిడ సేవ్ ఫైళ్లను ముందుగా రీడ్ ఓన్లీ కాపీ తీసి విడిగా పెట్టాను. ఫైల్ మొదట్లో ఆట వెర్షన్ అక్షరాల్లోనే రాసి ఉంది, చివరి ప్యాచ్ నంబర్‌తో సరిపోయింది. అందుకే మొదట్లోనే ప్యాచ్ స్థాయి గురించి పట్టుబట్టాను. ప్యాచ్ వేయని ఆటలో ఈ సేవ్‌లు జాబితాలో కనిపించవు కూడా. తెరుచుకున్నాయి. తెరుచుకోవడంతో పరీక్ష అయిపోదు: కొంతసేపు ఆడి, కొత్త పేరుతో సేవ్ చేసి, ఆట మూసి, లాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, మళ్లీ తెరిచి చూడాలి. మిషన్ ముగిసి తర్వాతి మిషన్‌లోకి వెళ్లేచోట కూడా చూడాలి, అక్కడ ఆట వీడియో మోడ్ మారుస్తుంది కాబట్టి రాపర్ తడబడేది ఎక్కువగా అక్కడే. రెండూ సాఫీగా జరిగాయి.

అప్పగించినవి

ఆట ఫోల్డర్‌తో పాటు బిన్, క్యూ ఇమేజ్, ఐఎస్ఓ, వాడిన రాపర్ల అవే వెర్షన్లు, షిమ్ డేటాబేస్, ఒక టెక్స్ట్ ఫైల్. ఆ ఫైల్‌లో నేను బయటినుంచి చేర్చిన ప్రతిదాని పేరూ, అది తీసేస్తే ఏమవుతుందో రాశాను. ఆట ఒరిజినల్ ఫైళ్లలో ఒక్క బైట్ మారలేదు, హ్యాష్‌లు (ఫైల్ మారిందో లేదో చెప్పే వేలిముద్రలు) సీడీతోనూ ప్యాచ్‌తోనూ పోల్చి చూశాను.

ఇంత రాసిపెట్టడం ఎందుకంటే, ఈరోజు నడిచేది రేపటి అప్‌డేట్‌కి ఆగిపోవచ్చు. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో స్కిమ్మర్ అనే నీటి విమానం ఉంది. దాని డేటాలో చక్రాల కొలతలు రాయలేదు. ఆట వాటిని చదవబోయి, స్టాక్‌లో అంతకుముందు మిగిలిన విలువలతో నెట్టుకొచ్చింది, ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు. విండోస్ 11 24హెచ్2లో సిస్టమ్ లోపలి కోడ్ స్టాక్‌ను కొంచెం వేరుగా వాడటం మొదలుపెట్టగానే ఆ విలువలు చెరిగిపోయి, విమానం ఆటలోంచి మాయమైంది. తప్పు ఆటదే, బయటపెట్టింది విండోస్. మన కేసులోని ఆటలోనూ అలాంటివి ఎన్ని నిద్రపోతున్నాయో. ఏది ఎందుకు పెట్టామో రాసి ఉంటే, ఆగిపోయిన రోజున మళ్లీ మొదటినుంచి వెతకక్కర్లేదు.

లాప్‌టాప్ తీసుకెళ్తూ ఆవిడ ఇంకోటి అడిగారు: తమ్ముడు ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటాడు, ఇద్దరం కలిసి ఆడగలమా అని. నెట్‌వర్క్‌లో కలవడానికి ఆటలో ఐపీఎక్స్, టీసీపీ/ఐపీ అనే రెండు పద్ధతులూ ఉన్నాయి. ఐపీఎక్స్‌ను విస్టా నుంచే తీసేశారు, కాబట్టి టీసీపీ/ఐపీనే. పాత డైరెక్ట్‌ప్లే తన ఐపీ అడ్రస్‌ను మెసేజ్ లోపలే రాసి పంపుతుంది. ఇంటి రౌటర్ వెనక అది లోపలి అడ్రస్ అవుతుంది, అవతలి కంప్యూటర్ దానికి జవాబు పంపలేదు. రౌటర్‌లో 47624, ఇంకా 2300 నుంచి 2400 దాకా పోర్టులు తెరిచినా రెండు వైపులా కుదరడం కష్టం. ఇద్దరి కంప్యూటర్లనూ ఒకే వీపీఎన్‌లోకి తెచ్చి, ఆ అడాప్టర్‌కే విండోస్ ముందు మొగ్గు చూపేలా దాని మెట్రిక్ (ప్రాధాన్యం నిర్ణయించే సంఖ్య) తగ్గించాలి. తమ్ముడి కంప్యూటర్‌లో పెట్టాల్సిన ఫోల్డర్‌ను అదే టెక్స్ట్ ఫైల్‌తో సహా కాపీ చేసి ఇచ్చాను. షిమ్ డేటాబేస్ ఆ కంప్యూటర్‌లో కూడా ఇన్‌స్టాల్ చేసుకోవాలని ఫైల్ మొదటి లైన్‌లోనే రాశాను. లేకపోతే అతని డిస్క్‌లో శేషం ఎటు పడితే ఆట అటు నడుస్తుంది.